టిల్డీ తల విప్పిన రోజు

"విప్పొద్దన్నాను, విప్పొద్దంతే," అంది మా అత్తగారు. ఆ పూటకి ఆ మాట అనడం మూడోసారి.

"తల నిలబడకపోతే ఫొటో ఎలా తీస్తాడమ్మా?" అన్నాడు ఓరిన్. "దేశమంతా సారా బందైపోయింది. ఇది చూస్తే పొద్దున్నే ఓ సీసా పట్టించినట్టుంది."

"సాయంత్రమైతే కుర్చీలో నీ తలా అలాగే వాలిపోతుంది. నిన్ను విప్పి దూది కుక్కామా?"

మా అమ్మాయి నెల్డా కిసుక్కున నవ్వి, నన్ను చూసి ఆపుకుంది. మా గుడ్డబొమ్మ టిల్డీ బల్ల మీద ఉప్పు సీసాకి ఆనుకుని కూర్చుంది, గడ్డం రొమ్ముకి తగిలించుకుని. ఈ తగువు ఆదివారం చర్చి నుంచి వచ్చాక మొదలైంది. ఆరోజు మంగళవారం.

గురువారం పొద్దున ఫొటో తీసే మనిషి వస్తాడు. శుక్రవారానికి బొమ్మా, ఫొటో, రెండు ప్రమాణపత్రాలూ ఇండియానాపొలిస్‌లో లాయరు చేతికి అందాలి. తూర్పున ఒక బొమ్మల కంపెనీ వాళ్లు మా టిల్డీని ఉన్నదున్నట్టు దింపేసి, పేరు మాత్రం మార్చి అమ్ముతున్నారు. ఆ ముఖం ఓరిన్ సొంతంగా గీసిందని రుజువు చేస్తే వాళ్లు ఆపాలి. రుజువు చెయ్యలేకపోతే ఇంక ఎవరైనా కుట్టుకోవచ్చు, మేము అడగడానికి లేదు. లాయరు ఉత్తరంలో ఒక వాక్యం కింద రెండు గీతలు గీశాడు: ఇంకో చెయ్యి ఆ ముఖాన్ని తాకిందని తేలితే మన పని అయిపోయినట్టే.

"అల్మీడా," అన్నాడు ఓరిన్ నా వైపు తిరిగి, "రేపు నేను కాగితాలకి పట్నం వెళ్తున్నాను. నాలుగింటి బండికి వచ్చేస్తాను. అప్పటికి దీని తల నిలబడాలి."

మా అత్తగారు కంచం తీసుకుని లేచి వెళ్లింది. కిటికీ దగ్గర కూర్చుని కొత్త బొమ్మలకి కనుబొమలు దిద్దుతున్న మా ఆడబిడ్డ తీర్జా తలెత్తలేదు.

టిల్డీ మా ఇంట్లో వెలుగు చూసింది పంతొమ్మిది వందల పదమూడులో, వరద వచ్చిన మార్చి నెలలో. నది కట్ట తెంచుకుని ఊళ్లో పడ్డ రోజు మేమంతా అటక మీదికి ఎక్కాం. కింద పియానో మీటలదాకా నీళ్లు. రెండు రోజులు అక్కడే, చీకట్లో. నెల్డాకి అప్పుడు నాలుగేళ్లు. చలికి వణుకుతూ మా అత్తగారి పాత పెట్టె తెరిచి, దుప్పటి కోసం వెతుకుతూ ఆ బొమ్మని బయటికి లాగింది. మరి వదల్లేదు. నీళ్లు తీశాక దిగేటప్పుడు మెట్ల మీద జారవిడిచింది. బొమ్మ వెళ్లి మోకాలెత్తు బురదలో పడింది.

వరద తీసిన ఊళ్లో ఏం చేస్తారో మా వాళ్లకి చెప్పక్కర్లేదు. బురద తాకిన ప్రతి గుడ్డా ఉడకెయ్యమని ఆరోగ్యశాఖవాళ్లు ఇంటింటికీ తిరిగి చెప్పారు. నేను పెరట్లో రాగి గంగాళం పెట్టి, ఇంట్లో కాచిన ఘాటు సబ్బు వేసి, దుప్పట్లతో పాటు బొమ్మనీ ఉడకేశాను. ఆరేసి తెచ్చేసరికి దానికి ముఖం లేదు. ఒట్టి తెల్లగుడ్డ.

అందులో మాకెవరికీ వింత కనిపించలేదు. మా మామగారి వైపువాళ్లు సాదా మనుషులు. గుర్రబ్బండ్లు, నల్లకోట్లు, గుండీల బదులు కొక్కేలు. వాళ్ల పిల్లల బొమ్మలకి ముఖాలుండవు. ముఖం పెడితే విగ్రహం చేసినట్టని వాళ్ల పట్టింపు. మామగారు పెళ్లికి ముందే వాళ్లలోంచి బయటికి వచ్చేశారు గానీ, పెట్టెలో పాత సామాను ఉంటే ఉండొచ్చు. "మా తాతల నాటి బొమ్మ" అన్నాడు ఓరిన్. అతను బొమ్మలు గీసే పత్రిక అచ్చుయంత్రాలు కూడా మునిగి, అప్పుడు పనిలేక ఇంట్లో ఉన్నాడు. నెల్డా మంచమెక్కి ఏడుస్తుంటే, గోడకి వెయ్యాలని తెచ్చిన నల్లరంగు కుంచె తీసుకుని ఆ తెల్లగుడ్డ మీద ముఖం గీశాడు. గీస్తూనే ఒక కథ చెప్పాడు. అలా మొదలైంది.

ఆ ముఖంలో అందరికీ నచ్చేది ఎడమ కనుబొమ. కుడిదానికంటే వేలెడు పైకి లేచి ఉంటుంది, ఏదో అడగబోయి ఆగిపోయినట్టు. ఆ కథలు పుస్తకంగా అచ్చయ్యాక పిల్లలు రాసే ఉత్తరాల్లో ఎక్కువ దాని గురించే. టిల్డీ ఏం అడుగుదామనుకుంటోంది, అని. పుస్తకం ముందుమాటలో ఓరిన్ అంతా రాశాడు: తాతల నాటి ముఖం లేని బొమ్మ, వరద, తను గీసిన ముఖం. ఇప్పుడు మా ఊళ్లో పద్నాలుగు మంది ఆడవాళ్లు ఇళ్లల్లో టిల్డీలని కుడుతున్నారు. ఒళ్లు వాళ్లు కుడితే ముఖాలు తీర్జా గీస్తుంది. "అక్క గీస్తే నేను గీసినదానికన్నా ఎక్కువ నాదిలా ఉంటుంది" అని ఓరిన్ వచ్చినవాళ్లందరికీ చెప్తుంటాడు. తీర్జా ఆ మాటకి ఎప్పుడూ నవ్వలేదు. నవ్వని మనిషి కాదు. ఆ మాటకే.

బుధవారం పొద్దున ఓరిన్ కరెంటు బండెక్కి వెళ్లాడు. నెల్డా బడికి వెళ్లింది. మా అత్తగారు చర్చిలో ఆడవాళ్లతో బొంత కుట్టడానికి బయల్దేరింది. ఆవిడ వెళ్లాక కుట్టుపెట్టె తీస్తే చిన్న కత్తెర లేదు. పెద్ద కత్తెరా లేదు. ఆవిడ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

నాకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు వెనకే ఎక్కడో గుచ్చుకుంది. డెబ్భై రెండేళ్ల మనిషి రెండు కత్తెర్లు మోసుకుని చర్చికి వెళ్లిందంటే, అది ఒట్టి మొండితనం కాదు.

అయినా ఓరిన్ గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, వంటింటి బల్ల మీద టిల్డీని బోర్లా పడుకోబెట్టి, తల వెనక కుట్టు ఒక్కొక్కటే తెంపాను. లోపల దూది ఉండకట్టి, గుడ్డపీలికలు నుసి నుసిగా అయిపోయాయి. అంతా బయటికి లాగి, అంటుకున్న దుమ్ము దులుపుదామని తల సంచిని లోపలిది పైకి తిప్పాను.

టిల్డీ నా వైపు చూసింది.

పిండి సంచి గుడ్డ అది, దళసరిది. లోపలి వైపు గోధుమరంగులో ఒక ముఖం. రెండు కళ్లు, ముక్కు, వంకర నోరు. అక్రోట్ల పై తొక్క కాచి మా అమ్మమ్మల కాలంలో సిరా చేసుకునేవాళ్లు. చేతికంటితే చర్మం ఊడేదాకా పోదు. ఆ సిరా పైనుంచి లోపలికి దిగింది. పైది సబ్బుకీ ఉడుకు నీళ్లకీ పోయింది. లోపలిది దూది కింద పదిలంగా ఉండిపోయింది.

ఓరిన్ రంగేమో అని మొదట నాకు నేను చెప్పుకున్నాను. కాదు. అతనిది చిక్కటి నల్లరంగు, గుడ్డ పైనే పెచ్చులా నిలిచింది. అతను గీసిన రెప్పవెంట్రుకలు కంటికి మూడేసి. వీటికి ఐదేసి ఉన్నాయి. కానీ కనుబొమ అదే. లోపలినుంచి చూస్తున్నాను కాబట్టి కుడివైపుకి వచ్చింది, అంతే తేడా. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే నల్లగీత వెనక గోధుమగీత దాగిపోయింది, ఒకదాని మీద ఒకటి.

"టిల్డీ మొహం ఏది?" అని నెల్డా ఏడ్చింది ఆరోజు, బొమ్మని ఆరేసి తెచ్చి ఇవ్వగానే. మొహం కావాలని అడుగుతోందనుకున్నాం. అందుకే ఓరిన్ కుంచె తీశాడు. ఆ పిల్ల అడిగింది అది కాదు. ఉన్న మొహం ఏమైందని అడిగింది.

కుర్చీలో కూర్చున్నాను. నా పేరు మీద వచ్చే ప్రమాణపత్రంలో ఏం రాసి ఉంటుందో నాకు తెలుసు. లాయరు ముందే ఉత్తరంలో పంపాడు: ముఖం లేని గుడ్డ మీద, ఏ నమూనా లేకుండా, ఎవరి సాయం లేకుండా నా భర్త ఈ ముఖం గీయగా నేను దగ్గరుండి చూశాను. నిన్నటిదాకా దానిలో ప్రతి అక్షరం నిజమే. ఈ ఉదయం ఎనిమిదిన్నరకి కూడా నిజమే.

తలుపు చప్పుడైంది. తల సంచిని, బొమ్మ ఒంటినీ కలిపి రొట్టెపిండి కలిపే గిన్నెలో పడేసి మీద తడిగుడ్డ కప్పాను.

ఓలా ప్రుయెట్. కత్తిరించిన గుడ్డలు తీసుకుపోవడానికి వచ్చింది. భర్త పోయాక రెండు వేసవులు టమాటాల డబ్బాల ఫ్యాక్టరీలో తొక్కలు తీసింది. ఆ పులుపుకి వేళ్ల చివర్లు పగిలి రక్తం కారేవి. టిల్డీలు కుట్టడం మొదలుపెట్టాక చేతులు మానాయి.

"పిండి పొంగిందా?" అంది గిన్నె వైపు చూసి.

"ఇంకా లేదు."

"చలికి పొంగదు. పొయ్యి పక్కన పెట్టు. ఉండు, నేను పెడతా."

"వద్దు ఓలా, నేను పెడతాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె నన్ను తేరిపార చూసింది. "కేసు గురించి దిగులా? ఏమీ కాదులే. మీ ఆయన గీశాడని ఊరంతటికీ తెలుసు. దేవుడి దగ్గరైనా మేం పద్నాలుగు మందిమీ వచ్చి చెప్తాం." గుడ్డల మూట చంకన పెట్టుకుని గడప దగ్గర ఆగింది. "నిజం చెప్తున్నా అల్మీడా, మళ్లీ టమాటాల దగ్గరికి వెళ్లమంటే మాత్రం నేను నదిలో దూకుతా. నా వేళ్లకి ఇప్పుడే బుద్ధొచ్చింది."

నవ్వి వెళ్లిపోయింది. నేను గిన్నె పట్టుకుని అలాగే నిల్చున్నాను.

ఎదుటివాళ్ల లాయరు బొమ్మ తల నొక్కి చూస్తే? విప్పమంటే? ఈరోజు కుట్టేస్తే ఎవరూ విప్పకపోవచ్చు. విప్పితే ఓరిన్ అబద్ధాలకోరు అవుతాడు, నేను దొంగ సాక్షినవుతాను. విప్పకపోతే ఆ ముఖం లోపల అలాగే చూస్తూ ఉంటుంది. ఏది ఎక్కువ భయమో నాకే తెలియలేదు. పొయ్యిలో కట్టెలు వెయ్యడం మర్చిపోయాను. నిప్పు చల్లారిపోయింది.

"పొయ్యి ఆరిపోయింది," అంది తీర్జా వెనకనుంచి. ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. చేతికి నల్లరంగు మరకలు. నేరుగా గిన్నె దగ్గరికి వచ్చి తడిగుడ్డ తీసింది, తనే పెట్టి తనే వెతుక్కున్నట్టు.

"కుట్టెయ్," అంది. "దూది మరీ కుక్కకు. గుమ్మడికాయలా అవుతుంది."

"వదినా, ఇది ఎవరు గీశారు?"

"నేనే. తొమ్మిదేళ్లప్పుడు. పుల్ల నమిలి కుంచె చేసుకున్నా." తల సంచిని అరచేతికి తొడుక్కుని చూసుకుంది. "వెంట్రుకలు ఐదు పెట్టానా? మూడనుకున్నా. అందుకే వాడివి చూసి సరే అనుకున్నా."

"ఎవరి కోసం?"

"ఓరిన్ కోసమే. మూడేళ్లు వాడికి. కోరింత దగ్గు వచ్చింది ఆ చలికాలం. రాత్రీ పగలూ నా ఒళ్లోనే. అమ్మ పాలు పితకడానికి వెళ్తే వాడి ఏడుపు ఆపలేక పిండి సంచి కోసి చేశా. అది లేకపోతే నిద్రపోయేవాడు కాదు. మందు కూడా ముందు దానికి పట్టించి తర్వాత తను తాగేవాడు."

"అతనికి గుర్తులేదా?"

"మూడేళ్లవాడికి ఏం గుర్తుంటుంది? నాన్న చూశాడు. మగపిల్లాడి చేతిలో బొమ్మ, దానికి మళ్లీ ముఖం. వాళ్లలోంచి బయటికి వచ్చినా ఆ పట్టింపులు మాత్రం మెళ్లో వేలాడేవి ఆయనకి. ముఖం తోమి తోమి చెరిపెయ్యమన్నాడు. లేకపోతే పొయ్యిలో పెట్టమన్నాడు. నేను తోమానని చెప్పా. అమ్మ పెట్టెలో దాచింది. అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. వాడు నెల రోజులు ఏడ్చి మర్చిపోయాడు."

"మరి వరదప్పుడు ఎందుకు చెప్పలేదు?"

తీర్జా పొయ్యి ముందు కూర్చుని బూడిద కెలికింది. "అప్పుడు అది ఆట, అల్మీడా. పిల్ల నవ్వుతోంది. వాడికి ఉద్యోగం లేదు, వారం రోజులుగా ముద్ద దిగడంలేదు. కుంచె పట్టుకోగానే మొహం వెలిగింది. అది నాది అని అడ్డం వెళ్తానా? తర్వాత పుస్తకం వచ్చింది, అందులో ముందుమాట వచ్చింది. అప్పటికి నోరు విప్పితే వాడు దొంగ అవుతాడు. నేనేమో ఇన్నాళ్లూ నిజం మింగిన మనిషినవుతా." చితుకు విరిచి పొయ్యిలో పెట్టింది. "రోజుకి ముప్పై ముఖాలు గీస్తున్నా. ఇంకేం కావాలి నాకు? కుట్టెయ్."

నేను సూదిలో దారం ఎక్కించాను. నాలుగుసార్లు ప్రయత్నిస్తే ఎక్కింది. తల సంచిని మళ్లీ పైకి తిప్పలేకపోయాను. దారం గుచ్చిన సూదిని టిల్డీ భుజానికి పెట్టి వదిలేశాను.

మా అత్తగారు మధ్యాహ్నం వచ్చింది. బల్ల మీద ఉన్నది చూసింది. సంచిలోంచి రెండు కత్తెర్లూ తీసి వాటి చోట పెట్టింది. టోపీ తియ్యకుండానే కూర్చుంది.

"బ్లేడు సంగతి నాకు తోచలేదు," అంది.

"అత్తయ్యా, ఈ కాగితం మీద నేనెలా సంతకం పెట్టను?"

"నువ్వు చూసిందేమిటి? తెల్లగుడ్డ చూశావు. వాడు గీయడం చూశావు. చూసిందే రాయమంటున్నారు. చూడనిది ఎవరూ రాయమనలేదే."

"ఈరోజు చూశాను కదా."

"ఈరోజు సంగతి వాళ్లు అడగలేదు." ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపు చూడకుండా అంది, "నా కొడుకు నలభై మూడేళ్లకి కాళ్ల మీద నిలబడ్డాడు. కూతురు పెళ్లి లేకుండా ఈ ఇంట్లోనే ముసలిదైపోయింది. నాకు ఇద్దరూ కావాలి. ఒకరి పేరు నిలబెట్టడానికి ఇంకొకరి పేరు తియ్యమంటే నా వల్ల కాదు. అందుకే విప్పొద్దన్నా. నా మాట ఎవరు విన్నారు?"

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు.

నాలుగింటి బండి కూత వినిపించేసరికి నేను పెరట్లో ఉన్నాను. గంగాళం బోర్లించి ఉంది, అదే గంగాళం. ఇప్పుడు శరదృతువులో ఆపిల్ గుజ్జు కాచుకుంటాం అందులో. దాని మీద చెయ్యి వేసి నిల్చున్నాను. ఆ ముఖం చెరిపింది మామగారు కాదు, ఓరిన్ కాదు. నేను. కళ్లు మూసుకుని దుప్పట్లతో కలిపి ఉడకేశాను. ఆరోగ్యశాఖవాళ్లు చెప్పారని చెప్పొచ్చు. వాళ్లు బురద పొయ్యేదాకా అన్నారు.

ఆరింటికి అందరం భోజనానికి కూర్చున్నాం. కోడి పులుసులో నూడుల్స్, ఉడికించి మెదిపిన బంగాళాదుంపలు. ఓరిన్ హుషారుగా ఉన్నాడు. కాగితాలు జేబులోంచి తీసి నీళ్ల కూజా కింద పెట్టాడు, గాలికి ఎగరకుండా. బండిలో పక్కన కూర్చున్న పాప చేతిలో టిల్డీ ఉందని చెప్పాడు. "ఎవరు గీశారో తెలుసా అని అడిగా. దేవుడంది," అని నవ్వాడు. "అంత పెద్దవాళ్లతో నాకు పోటీ ఎందుకని ఊరుకున్నా. ఏదీ, తల నిలబడిందా?"

నెల్డా అందరి ముఖాలూ చూసింది.

నేను లేచి గిన్నె తెచ్చి అతని ముందు పెట్టి తడిగుడ్డ తీశాను.

మొదట అతనికి అర్థం కాలేదు. కుట్టకుండా ఉందని విసుక్కోబోయాడు. తర్వాత తల సంచి చేతిలోకి తీసుకున్నాడు. దీపం దగ్గరికి జరిపాడు. బొటనవేలు ఆ కనుబొమ మీద ఆగింది. అతని ముఖంలో రంగు మారుతుంటే నేను కళ్లు తిప్పుకున్నాను.

"ఎవరిది?" అన్నాడు.

"నాది," అంది తీర్జా. పొయ్యి దగ్గర నాకు చెప్పినదంతా చెప్పింది, ఇంకా తక్కువ మాటల్లో. మా అత్తగారు చెంచాతో బంగాళాదుంపలో గీతలు గీస్తూ కూర్చుంది.

"ఇన్నాళ్లూ నన్ను దొంగనుకున్నావా అక్కా?"

"అనుకుంటే నీ పక్కన కూర్చుని రోజుకి ముప్పై గీస్తానా?"

"నాకేం తెలియదు. ఒట్టు. కుంచె పెడితే అలా వచ్చింది. చెయ్యి దానంతటదే పైకి పోయింది." అతని గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "నేను కల్పించాననే అనుకున్నా. ఎనిమిదేళ్లుగా ప్రతివాడికీ అదే చెప్పాను."

"కనుబొమ నేనూ కల్పించలేదు," అంది తీర్జా. "రెండూ సమంగానే గీస్తున్నా. నువ్వు కిందనుంచి మోచెయ్యి పట్టుకుని లాగావు, ఇమ్మని. కుంచె పైకి పోయింది. విదిలించి ఒకటి కొడదామనుకున్నా. అది చూసి నువ్వు నవ్వావు. దగ్గు వచ్చాక నువ్వు నవ్వడం అదే మొదలు. అందుకని అలాగే ఉంచేశా."

"అయితే నాన్న కూడా గీసినట్టేగా," అంది నెల్డా.

"గీయలేదు. చెడగొట్టాడు," అంది మా అత్తగారు. ఎవరూ నవ్వలేదు, ఆవిడతో సహా.

ఓరిన్ తల సంచిని గిన్నెలో పెట్టాడు. కూజా కింది కాగితాలు లాగాడు, మళ్లీ అక్కడే పెట్టాడు. "ఈ ముక్క బయటపడితే కేసు ఉండదు," అన్నాడు. "వాళ్ల లాయరు వెంటనే అడుగుతాడు, అయితే ఇది నీది కాదుగా అని. ఓలాకి ఏం చెప్పను? మిగతా పదముగ్గురికీ?"

"చెప్పకు. కుట్టెయ్యమను," అంది మా అత్తగారు.

"కుట్టెయ్యండి," అంది తీర్జా. "నాకు పేరు వద్దు."

ఓరిన్ నా వైపు చూశాడు. ముందు మా అత్తగారు, తర్వాత తీర్జా, చివరికి నెల్డా కూడా నా వైపే చూశారు. సంతకం చెయ్యాల్సిన రెండో కాగితం నాది. బల్ల కింద ఎవరికీ కనిపించకుండా ఒక పాదం మీద ఇంకో పాదం తొక్కి పట్టుకున్నాను. శుక్రవారం తర్వాత శనివారం ఎలా ఉంటుందో నాకు కనిపించలేదు. ఓలా వేళ్లు మాత్రం కనిపించాయి.

నూడుల్స్ చల్లారిపోతున్నాయి. గరిటె తీసుకుని ముందు తీర్జాకి వడ్డించాను.

"ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను," అన్నాను. "తల కుట్టను. రేపు ఫొటోలు రెండు తీయిద్దాం, పైదీ లోపలిదీ. శుక్రవారం బండికి నేనూ వస్తాను, వదిన కూడా వస్తుంది. వరదలో ఉడకేసింది నేనని చెప్తాను, గీసింది వదినని చెప్తాను, చెయ్యి లాగింది ఎవరో కూడా చెప్తాను. లాయరు కోపగించుకుంటే కోపగించుకోనీ. ఓలాకి మాత్రం రేపు పొద్దున్నే, లాయరు వినకముందే, మనింట్లోనే చెప్పాలి. ఆ పని నాది."